తొందరేముందంటారేమిటీ!

రెండేళ్ళు నిండేదాకా పిల్లలకి ఒంటికీ రెంటికీ అలవాటు చెయ్యకూడదుట. చేస్తే లేతమనసు దెబ్బతింటుందిట. ఈ మధ్య పేరంటానికి వెళ్ళినా, పార్కుకి వెళ్ళినా, పిల్లల డాక్టరుగారి వరండాలో కూర్చున్నా ఇదే మాట. చెప్పేవాళ్ళూ చదువుకున్నవాళ్ళే, వినేవాళ్ళూ చదువుకున్నవాళ్ళే. మధ్యలో నాబోటిది "అదేమిటమ్మా?" అంటే పాతకాలపు మనుషుల్లో జమ కట్టేస్తారు. కట్టెయ్యండి, ఫరవాలేదు. నాకు మాత్రం ఆ మాట మింగుడు పడటం లేదు.

మన ఇళ్ళల్లో ఏం చేసేవారు? బిడ్డకి మెడ నిలిచిందంటే చాలు, నిద్ర లేవగానే, పాలు తాగిన కాసేపటికి, తల్లో అమ్మమ్మో పీట వేసుకుని కాళ్ళు చాపుకుని, పాదాల మీద కూర్చోబెట్టుకునేవారు. చంకల కింద చేతుల ఆసరా. నోటితో "స్స్‌స్స్" అని చిన్న చప్పుడు. రెండు నిమిషాలు చూసేవారు. వస్తే చెంబెడు నీళ్ళు, రాకపోతే ఎత్తి ఉయ్యాల్లో వెయ్యటం. ఇందులో బలవంతం ఎక్కడుందో, మనసు మీద దెబ్బ ఎక్కడ తగిలిందో మీరే చెప్పండి. బిడ్డ మొహం ఎదురుగా ఉంటుంది కనక, అది కందినా, ఆట మధ్యలో ఉన్నట్టుండి బిక్కమొహం వేసినా తల్లికి ఇట్టే తెలిసిపోయేది.

"ఆ వయసులో నేర్చుకునేది పిల్ల కాదండీ, తల్లి" అంటారు డాక్టర్లు. నిజమే. ఆపుకోవటం, చెప్పటం ఏడాది దాటాక గాని రావు. అయితే మాత్రం? మాటలు రాని బిడ్డతో మాట్లాడటం మానేస్తున్నామా? ఎప్పుడో వచ్చే మాటల కోసం పుట్టిన రోజు నించీ కబుర్లు చెప్తూనే ఉన్నాం కదా!

ఇంతకీ ఈ ఆగమనే పాఠం ఎక్కడినించి దిగిందో చూడండి. 1962లో బ్రేజెల్టన్ అనే అమెరికా పిల్లల డాక్టరు 1170 మంది పిల్లల సంగతి పరిశీలించి ఒక వ్యాసం రాశారు. పిల్ల సిద్ధంగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి, తొందరపెట్టకండి అన్నారు. అంతకు ముందు అక్కడ నెలల పిల్లల్ని గడియారం చూసి, పట్టుబట్టి కూర్చోబెట్టే పద్ధతి ఉండేది. దానికి ఆయన అడ్డం పడ్డారు. మంచిపనే. కాని ఆయన మొదలుపెట్టమన్నది ఏడాదిన్నర ప్రాంతంలో. మనవాళ్ళ నోళ్ళలో పడి అది రెండయింది, రెండున్నరయింది, ఇప్పుడు "వాడికే తెలుస్తుందిలెండి" అయింది. సరిగ్గా అంతకు ముందు ఏడాదే, 1961లో, పాంపర్స్ బజారులోకి వచ్చింది. 1990ల చివర పెద్దపిల్లల సైజు డయపరు ప్రకటనలో ఆ డాక్టరుగారే కనిపించారు కూడా. ఆయన నిజాయితీని నేను శంకించను. పిల్ల ఎంత ఆలస్యంగా నేర్చుకుంటే ఎవరి గల్లాపెట్టె నిండుతుందో లెక్కవేసుకోవద్దా అంటున్నాను, అంతే.

1977లో తూర్పు ఆఫ్రికాలోని డిగో జాతి తల్లుల గురించి మరో వ్యాసం వచ్చింది. వాళ్ళు బిడ్డ పుట్టిన కొన్ని వారాలకే మొదలుపెడతారు. అయిదారు నెలలకే తల్లి సైగ చేస్తే పిల్లలు పని కానిస్తారు. తిట్టటం, కొట్టటం లేవు. మనవాళ్ళు ఈ వ్యాసం గురించి చెప్పుకోగా నేను వినలేదు.

తొందరగా మొదలుపెడితే నేర్చుకోవటానికి ఎక్కువ నెలలు పడుతుందని 2003లో ఫిలడెల్ఫియా ప్రాంతపు వైద్యులు తేల్చారు. పట్టనివ్వండి! ముందుగా మొదలుపెట్టినవాళ్ళకి ముందుగానే పూర్తయిందని కూడా వాళ్ళే చెప్పారు. అన్నం కలుపుకుని తినటం నేర్చుకోవటానికి మాత్రం ఎన్నేళ్ళు పట్టటం లేదూ?

పాత పంచెలు చింపి కట్టిన పొత్తిగుడ్డ తడిస్తే చల్లగా తగిలేది, బిడ్డకి సంగతి తెలిసేది. ఇప్పటి డయపరులో ఒక పొడి ఉంటుంది. తడినంతా పట్టేసి ముద్దయిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉన్న పిల్లకి తనేం చేసిందో ఎలా తెలుస్తుంది? మా ఎదురింటి మూడేళ్ళవాడు రెంటికి వస్తే పరుగెత్తుకెళ్ళి డయపరు తెచ్చి కట్టమంటాడు. కట్టించుకుని కర్టెను వెనక నిలబడతాడు. తెలివి లేక కాదు. మూడేళ్ళూ మనం నేర్పింది అదేగా! చేర్చుకుంటామన్న బడివాళ్ళు ఇది విని, "అలవాటయ్యాక తీసుకురండి" అని పంపేశారు. వాళ్ళమ్మ ఉద్యోగానికి సెలవు పెట్టి కూర్చుంది.

ఆ వాడేసినవి ఎక్కడికి పోతున్నాయి? విడిగా చుట్టి ఇవ్వాలని 2016 చెత్త నిబంధనల్లో రాశారు. మా వీధి చెత్తబండి వెనక నడిచే అమ్మాయి మాత్రం వట్టి చేతుల్తో వాటిని ఏరుతూనే ఉంది. ఆవిడకీ చంటిపిల్ల ఉంది.

"మీకేమండీ, మాకు ఆఫీసులు" అంటారు. ఒప్పుకుంటాను. పొత్తిగుడ్డలు నూతి దగ్గర ఉతికిన చేతులు ఎవరివో నాకు బాగా తెలుసు, ఆ కాలం బంగారమని నేననను. రాత్రిపూట, బస్సు ప్రయాణంలో డయపరు కట్టుకోండి, ఎవరొద్దన్నారు? పొద్దున్న లేవగానే, పాలు తాగాక, స్నానానికి ముందు ఐదేసి నిమిషాలు కూర్చోబెట్టమంటున్నాను. అదీ ఆడవాళ్ళే చెయ్యాలని శాస్త్రం లేదు. పాదాలు మగవాళ్ళకీ ఉన్నాయి.

ఇంకో తరహా మనుషులున్నారు. వాళ్ళని కూడా వదలను. "ఇంత వయసొచ్చింది, సిగ్గు లేదూ?" అని నలుగురిలో పిల్లని నిలదీసేవాళ్ళు. ఆ మాటకి జడిసి పిల్ల బిగబడుతుంది, గట్టిపడుతుంది, నొప్పెడుతుంది, ఆ నొప్పికి మళ్ళీ బిగబడుతుంది. పక్క తడపటం అయిదేళ్ళ వాళ్ళలో కూడా మామూలే, కావాలని చేసేది కాదు. దానికి దెబ్బలేమిటి?

మా అల్లుడు మొన్న ఆన్‌లైనులో ఒక ఉచ్చకుర్చీ తెప్పించాడు. కారు ఆకారం, స్టీరింగు, నొక్కితే పాట. మనవరాలు దాన్ని హాలంతా తోసుకు తిరుగుతోంది. పనికి మాత్రం మా అల్లుడి పాదాలే కావాలి. ఆయనేమో పీట మరీ చిన్నదని గొణుక్కుంటూనే రోజూ కూర్చుంటున్నాడు.