తొక్కం తీసేవాణ్ని మన మండపానికి రానివ్వకండి



పోయిన వారం మన గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. పిల్లల కడుపునొప్పికి తొక్కం తీయబడును, ఒకే సిట్టింగులో గుణం, 300 రూపాయలు అని. దాని కింద వరసగా దండాలు, బొటనవేళ్లు. ఒకాయన ఇంకా ముందుకుపోయి, వచ్చే నెల మన మండపంలో జరిగే వైద్య శిబిరానికి ఆ మనిషిని కూడా పిలుద్దాం, పేదపిల్లలకు సంఘమే డబ్బు కడితే పుణ్యం అని రాశారు. పదకొండుమంది సరే అన్నారు. మేము ఆ రాత్రి ఏమీ రాయలేదు. కోపంలో రాస్తే నోరు జారుతుందని ఆగాం. ఇప్పుడు రాస్తున్నాం, కోపం మాత్రం ఏమీ తగ్గలేదు.

తమిళనాడు బయట ఉన్న మనవాళ్లకు తొక్కం అంటే తెలియకపోవచ్చు. బిడ్డ తిన్నది ఏదో లోపల చిక్కుకుందని చెప్పి పొట్ట మీద నూనె రాసి పిసుకుతారు. కొందరు గొట్టం పెట్టి ఊదుతారు, కొందరు నోటితో పీలుస్తారు. చివరికి అరచేతిలో ఒక ముద్ద చూపిస్తారు. ఇదిగో, ఎప్పుడో తిన్న ఇడ్లీ, ఇదే మీ బిడ్డను బాధపెట్టింది అంటారు. తల్లి కళ్లొత్తుకుని డబ్బులిస్తుంది. తిన్నది పొట్టలోంచి పేగులోకి దిగడానికి కొన్ని గంటలు చాలు. మూడు నెలలు ఇడ్లీ ఇడ్లీగానే ఉండే కడుపు ఎవరికీ లేదు. జుట్టు మింగే అలవాటున్న కొద్దిమంది పిల్లలకు లోపల ఉండకట్టడం నిజమే. దాన్ని తీసేది ఆసుపత్రిలో, ఎండోస్కోపీతోనో ఆపరేషన్‌తోనో. ఒడిశా పల్లెల్లో పసివాళ్ల పొట్ట మీద కాల్చిన కడ్డీతో చురకలు పెట్టారని పేపర్లో చదివి మనం అయ్యో అంటాం. మన వీధిలో గొట్టం పెడితే మాత్రం కైరాశి ఉన్న మనిషి అంటాం.

ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నామంటే, మేమూ తీయించాం.

మా అమ్మాయి కొడుకు. ఏడేళ్లు, రెండో తరగతి. పోయిన ఆడి నెలలో మొదలైంది. పొద్దున బడికి బయలుదేరే వేళకు బొడ్డు చుట్టూ పట్టుకుని ముడుచుకుని పడుకునేవాడు. అరగంటకో గంటకో తగ్గేది. అందరికంటే ముందు మా నోటినుంచి వచ్చిన మాట, "నడిక్కిరాన్". నాటకం ఆడుతున్నాడు అని. మేము రైల్వేలో చాలా ఏళ్లు లీవు ఫైళ్లు చూసిన గుమాస్తా. సిక్ సర్టిఫికెట్ ఎవరు తెచ్చినా ముందు అనుమానించడమే మా ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికి కూడా తెచ్చుకున్నాం. ఆదివారం కూడా వాడు ముడుచుకుని పడుకున్నప్పుడు, బడి లేని రోజు ఎవరికోసం నాటకం ఆడతాడు అని మా ఇంటావిడ అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

తర్వాత దిష్టి తీశారు. తర్వాత తొక్కం. రెండు రోజులు బిడ్డ బాగున్నాడు. మేమే పదిమందికి చెప్పాం, చాలా మంచి మనిషి అని. మూడో రోజు మళ్లీ నొప్పి. ఈ నొప్పి దానంతటదే వచ్చిపోయే రకం. మంచి రోజులూ చెడ్డ రోజులూ మారిమారి వస్తుంటాయి. చెడ్డ రోజున తీసుకుపోతే తర్వాత వచ్చే మంచి రోజు ఆయన ఖాతాలో పడుతుంది. ఆయన వ్యాపారమంతా దానిమీదే నడుస్తోంది.

ఇంగ్లీషు వైద్యం పేరుతో జరిగింది కూడా చెప్పకపోతే అన్యాయం. మెడికల్ షాపులో అడిగి సిరప్ పోశాం. తర్వాత ఒక క్లినిక్‌లో స్కాను తీశారు. పేగుల దగ్గర చిన్న చిన్న గడ్డలు, లింఫ్ నోడ్స్, కనబడుతున్నాయని రాశారు. ఆ ఒక్క వాక్యానికి ఇల్లంతా తలకిందులైంది. యాంటీబయాటిక్ ఇచ్చారు, విరేచనాలు పట్టుకున్నాయి, మళ్లీ స్కాను, మళ్లీ అదే గడ్డలు, టీబీ ఏమో అన్న గుసగుస. ఆరోగ్యంగా ఆడుకునే పిల్లల్లో కూడా స్కాను తీస్తే ఇలాంటి చిన్న నోడ్స్ చాలామందికి కనబడతాయట. అది మాకు ఎవరూ చెప్పలేదు.

చివరికి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో పిల్లల విభాగానికి పోయాం. లైనులో మూడు గంటలు. ఆ డాక్టరమ్మ ఎత్తు, బరువు చూసి పాత లెక్కలతో పోల్చింది, పొట్ట నొక్కి చూసింది, రక్తం, మలం పరీక్ష చేయించింది. తర్వాత మమ్మల్ని వదిలేసి వాణ్ని అడిగింది. బడిలో బాత్రూంకు పోతావా తంబీ? వాడు తల అడ్డంగా ఊపాడు. తలుపుకు గడియ లేదట. పెద్ద పిల్లలు తలుపు లాగి నవ్వుతారట. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా బిగబట్టుకునేవాడు. పోవలసి వస్తుందని నీళ్లు కూడా తాగడు. నీళ్ల సీసా నిండుగా తిరిగొస్తోందని మా అమ్మాయి రోజూ తిట్టేది. ఎందుకని ఇంట్లో ఒక్కరమూ అడగలేదు.

ముందు మలబద్ధకానికి వైద్యం చేశారు. మోషన్ సరిపడ్డాక కూడా నొప్పి మిగిలింది. అప్పుడు ఐబిఎస్ అన్నారు, ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్. పిల్లలకు దీని లెక్క 2016లో వచ్చిన రోమ్ 4 ప్రమాణాల్లో ఉంది. నెలకు కనీసం నాలుగు రోజుల నొప్పి, అలా రెండు నెలలైనా ఉండాలి. ఆ నొప్పికి మోషన్‌తో సంబంధం కనబడాలి, వేరే జబ్బు ఏదీ కారణం కాకూడదు. మన పేగు గోడల్లో కోట్లకొద్దీ నరాల కణాలున్నాయి, అవి మెదడుతో ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాయి. ఈ పిల్లల్లో ఆ నరాలకు సున్నితం ఎక్కువ. మామూలుగా గాలి కదిలినా వాళ్లకు నొప్పిగా తెలుస్తుంది. భయపడితే ఇంకా పెరుగుతుంది. వాంతులు విరేచనాల జబ్బు వచ్చిపోయాక మొదలయ్యేవాళ్లూ ఉన్నారు. స్కానులో పుండు లేదు, కానీ బిడ్డకు తెలిసే నొప్పి నిజం. ఇది మన పెద్దల తలకెక్కడం లేదు. రిపోర్టు నార్మల్ అంటే బిడ్డ అబద్ధం చెబుతున్నాడని తీర్పు ఇచ్చేస్తారు.

మన కాలంలో ఈ ఐబిఎస్ ఉందా అని గ్రూపులో ఒకరు వెటకారం చేశారు. ఉంది సార్. 1958లోనే ఇంగ్లండులో జాన్ ఆప్లే అనే పిల్లల డాక్టరు, వెయ్యిమంది బడిపిల్లలను చూసి పదిమందిలో ఒకరికి పైనే ఇలా పదేపదే కడుపునొప్పి వస్తోందని రాశాడు. వాళ్లలో చాలామందికి లోపల చెడిపోయింది ఏదీ దొరకలేదు. మన బడుల్లో కూడా కడుపు పట్టుకుని కూర్చున్న పిల్లలు ఉండే ఉంటారు. బెత్తం దెబ్బకు నోరు మూసుకుని ఉంటారు.

మా ఇంట్లో ఏం మార్చామో చెబుతాం. ఎలా ఉందిరా కడుపు అని పొద్దున్నే అడగడం మానేశాం. ఇది మా ఇంటావిడకు అన్నిటికంటే కష్టమైంది. 2006లో అమెరికాలో లిన్ వాకర్ అనే ఆవిడ బృందం చేసిన పరీక్షలో, నొప్పి గురించే తల్లిదండ్రులు మాట్లాడుతుంటే పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి, వేరే మాటల్లోకి తిప్పితే సగానికి తగ్గాయి. వాడు చెప్పినప్పుడు నమ్ముతాం, వేడినీళ్ల సంచి ఇస్తాం, పొట్ట పైకి లేచేలా నిదానంగా ఊపిరి తీయిస్తాం, తర్వాత వేరే మాటలోకి పోతాం. టిఫిన్ తిన్నాక పది నిమిషాలు బాత్రూంలో కూర్చోబెడతాం, ఎందుకంటే తిన్న వెంటనే పేగు తానే కదులుతుంది. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద ఒక పీట. నొప్పి ఉన్నా బడికే, ఆలస్యమైనా సరే. నిజంగా ఇంట్లో ఉండిపోతే టీవీ లేదు, ఫోను లేదు. ఏ రోజు ఏం తిన్నాడు, మోషన్ ఎలా ఉంది అని నోటు పుస్తకంలో రాస్తాం. పాలు మానెయ్, గోధుమ మానెయ్ అని ఎవరికివాళ్లు బిడ్డ కంచం ఖాళీ చేయకండి. ఆహారంలో ఏది తీసేయాలన్నా డాక్టరును, డైటీషియన్‌ను అడిగి, కొన్నాళ్లు చూసి, మళ్లీ పెట్టి చూడాలి. వాము నీళ్లకు మేము విరోధులం కాదు, అవ్వల చేతి మజ్జిగకూ కాదు.

అయితే ఇది చదివి అన్నీ ఐబిఎస్సే అనుకోకండి. బరువు తగ్గడం, ఎదుగుదల ఆగడం, మలంలో రక్తం, వదలని జ్వరం, ఆకుపచ్చ వాంతి, నిద్రలోంచి లేపే నొప్పి, బొడ్డుకు దూరంగా కుడి పక్కన ఒకేచోట నొప్పి, వీటిలో ఏది కనబడినా ఆ రోజే డాక్టరు దగ్గరికి. తొక్కం మనిషి దగ్గర పోయే రెండు రోజుల్లో అపెండిక్స్ పగలొచ్చు.

మా మనవడికి పూర్తిగా పోయిందా అంటే లేదు. పరీక్షల వారంలో వస్తుంది. కానీ ఇప్పుడు నెలలో బడి మానేది ఒకటో రెండో రోజులు.

కాబట్టి కమిటీకి మా మాట. శిబిరానికి ఒక పిల్లల డాక్టరును, ఒక డైటీషియన్‌ను పిలవండి. ఏటా బహుమతులని పంచే స్టీలు డబ్బాల డబ్బుతో మన పిల్లలు చదివే బడుల్లో బాత్రూం తలుపులకు గడియలు వేయిద్దాం, మేము మా వంతు 5000 ఇస్తాం. నీళ్లు తాగడానికి కేరళలో, కర్ణాటకలో 2019లోనే బడిగంట కొట్టడం మొదలుపెట్టారు. మన పిల్లల బడుల్లో హెడ్ మాస్టర్లను ఆ గంట ఎప్పుడు కొడుతున్నారని అడుగుదాం.

తొక్కం మనిషిని పిలవాలన్న పదకొండుమంది సర్వసభ్య సమావేశానికి తప్పకుండా రండి. ఓటుకు పెట్టే ముందు మా ఇంటికి కూడా ఒకసారి రండి. ఆ గొట్టం పెట్టినప్పుడు ఎంత భయపడ్డాడో మా మనవడు మాకు మొన్ననే చెప్పాడు. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదురా అంటే, నువ్వు నాటకం అంటావు తాతా అన్నాడు.