మృగం వెనుక మనిషి

భయం మానవునికి పుట్టుకతో సంక్రమించిన భావం. భరతముని నాట్యశాస్త్రంలో పేర్కొన్న ఎనిమిది రసాలలో భయానకం ఒకటి. అడవిలో పులి ఎదురైతే ప్రాణాలరచేత పట్టుకొని పరుగెత్తే మనిషి, అదే పులిని వెండితెర మీద చూడడానికి డబ్బిచ్చి మరీ వెళతాడు. ప్రాణహాని లేదని తెలిసినచోట భయం సైతం ఆస్వాదయోగ్యమవుతుంది. ఈ రహస్యాన్ని గ్రహించిన అమెరికా చలనచిత్ర పరిశ్రమ 1950 తరువాతి దశాబ్దంలో ఒక వింత చిత్రజాతిని పెంచి పోషించింది. చీమ, సాలెపురుగు, మిడత, పీత వంటి అల్పప్రాణులు ఏనుగును మించిన ఆకారం దాల్చి ఊళ్ల మీద పడి మనుషులను చంపడమే ఆ చిత్రాల ఇతివృత్తం. వాటిలో అధికభాగం స్వల్పవ్యయంతో, కొద్ది రోజులలో తీసినవి. విమర్శకులు వాటిని చాలాకాలం చులకనగానే చూశారు. అయితే ఒక కథ విలువను దానికైన ఖర్చుతోనూ, అందులోని బొమ్మల నాణ్యతతోనూ మాత్రమే తూచడం సమంజసం కాదు. ఆ ప్రాణిని అంతటి మృగంగా మార్చినవారెవరు? ఈ ప్రశ్నకు కథ ఇచ్చే సమాధానమే ఇటువంటి చిత్రాలకు అసలైన గీటురాయి.

ఈ చిత్రాలన్నిటికీ మాతృక అనదగినది 1933లో వెలువడిన 'కింగ్ కాంగ్'. విల్లిస్ ఓబ్రియన్ అనే నిపుణుడు చిన్న బొమ్మను వెంట్రుకవాసి కదుపుతూ ఒక్కొక్క చిత్రంగా తీసి, వాటిని వరుసగా నడిపించి ఒక మహావానరానికి ప్రాణం పోశాడు. 1952లో ఆ చిత్రాన్ని తిరిగి విడుదల చేసినప్పుడు ప్రేక్షకులు విరగబడి చూశారు. మరుసటి ఏడాదే 'ద బీస్ట్ ఫ్రమ్ ట్వంటీ థౌజండ్ ఫాథమ్స్' అనే చిత్రం వచ్చింది. ఉత్తరధ్రువ ప్రాంతంలో జరిపిన అణుపరీక్ష వేడికి, మంచులో నిద్రిస్తున్న ప్రాచీన మహాసరీసృపం మేల్కొని న్యూయార్కు నగరం మీద పడడం అందులోని కథ. ఆ మృగానికి రూపకల్పన చేసినవాడు ఓబ్రియన్ వద్ద పనిచేసిన రే హ్యారీహౌసెన్. సుమారు 2 లక్షల డాలర్లతో పూర్తయిన ఆ చిత్రం అంతకు ఎన్నో రెట్లు ఆర్జించింది. కొద్ది పెట్టుబడికి అంత రాబడి కనిపించేసరికి నిర్మాతలు ఒకరి వెనుక ఒకరు అదే దారి పట్టారు.

ధనం చాలనిచోట యుక్తి అక్కరకు వచ్చింది. 1955లో వచ్చిన 'ఇట్ కేమ్ ఫ్రమ్ బినీత్ ద సీ' చిత్రంలో ఒక మహా ఆక్టోపస్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్ గేట్ వంతెనను పెకలిస్తుంది. ప్రకృతి ఆ ప్రాణికి ఎనిమిది బాహువులిస్తే హ్యారీహౌసెన్ ఆరే ఇచ్చాడు. ఒక్కొక్క బాహువును కదిపి చిత్రించడానికి కాలమూ ధనమూ కావాలి కనుక రెండింటిని మిగుల్చుకున్నాడు. ఆ లోటును ప్రేక్షకుల కంట పడకుండా దాచగలిగాడు. అందరికీ అంతటి నేర్పు లేకపోయింది. 1957 నాటి 'బిగినింగ్ ఆఫ్ ది ఎండ్' చిత్రంలో షికాగో నగరపు మేడల ఛాయాచిత్రాల మీద సజీవమైన మిడతలను పాకించి, అవి ఆకాశహర్మ్యాలను ఎక్కుతున్నట్లు నమ్మించబోయారు. 1959లో వచ్చిన 'ద కిల్లర్ ష్రూస్' చిత్రంలో చుంచులకు బదులుగా వేటకుక్కలకు బొచ్చు తొడుగులు కప్పి, బొమ్మ కోరలు తగిలించి పరుగెత్తించారు. భయం కలగవలసినచోట నవ్వు పుట్టింది. రసానికి ఔచిత్యమే ప్రాణమని కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలోనే ప్రతిపాదించాడు. ఔచిత్యం తప్పినప్పుడు రసం ఆభాసంగా మారి హాస్యానికి దారితీస్తుందని అలంకారికులు చెప్పిన మాటకు ఈ తొడుగుల కుక్కలను మించిన ఉదాహరణ దొరకదు.

బొమ్మల సంగతి అటుంచితే, ఈ కథలకు శాస్త్రం కూడా ఒప్పుకోదు. ఒక ప్రాణి పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి రెట్లు పెరిగాయనుకుంటే దాని కాళ్ల మందం వైశాల్యంలో నూరు రెట్లు పెరుగుతుంది. బరువు మాత్రం వెయ్యి రెట్లవుతుంది. అంటే కాలులోని ప్రతి అంగుళం మునుపటికంటే పది రెట్ల భారం మోయవలసి వస్తుంది. గెలీలియో 1638లోనే ఈ సూత్రాన్ని వివరించాడు. ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1926లో ప్రాణుల పరిమాణం గురించి రాసిన వ్యాసంలో దీనిని మరింత విశదం చేశాడు. కీటకాలకు ఊపిరితిత్తులు లేవు. దేహమంతటా వ్యాపించిన సన్నని గొట్టాల ద్వారా గాలి లోపలికి చేరుతుంది. దూరం పెరిగితే ఆ ఏర్పాటు చాలదు. కనుక ఏనుగంత చీమ ఎవరినీ చంపదు; తన బరువుకు తానే కూలి, ఊపిరాడక మరణిస్తుంది. ఈ హాల్డేన్‌కు తెలుగునేలతో చిరస్మరణీయమైన బంధం ఉంది. 1957లో భారతదేశానికి తరలివచ్చి ఈ దేశ పౌరసత్వం స్వీకరించిన ఆయన 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక మేరకు ఆయన భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ప్రాణుల కొలతలను గురించి అంత చక్కగా బోధించిన శాస్త్రవేత్త మరణానంతరం కూడా విద్యార్థులకు పాఠమైనాడు.

బొమ్మ నమ్మదగినది కాదు, కథకు శాస్త్రం సమ్మతించదు. అయినా ఆనాటి ప్రజలు ఈ చిత్రాలు చూసి భయపడ్డారంటే దానికి కారణం తెర వెలుపల ఉంది. 1945 జులై 16న న్యూ మెక్సికో ఎడారిలో తొలి అణుబాంబును పరీక్షించారు. ఆ తరువాత నెల తిరగకుండానే హిరోషిమా, నాగసాకి నగరాలు బూడిదయ్యాయి. 1954లో వచ్చిన 'దెమ్' చిత్రంలో రాక్షస చీమలు పుట్టేది సరిగ్గా ఆ న్యూ మెక్సికో ఎడారిలోనే. అణుధార్మికత వల్ల తరతరానికీ పెరిగిన చీమలు చివరకు లాస్ ఏంజెలెస్ నగరపు మురుగు కాలువలలో గూడు కట్టుకుంటాయి. అదే 1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల వద్ద హైడ్రోజన్ బాంబును పరీక్షించినప్పుడు, దూరాన చేపలు పడుతున్న ఒక జపాను పడవ మీద విషధూళి కురిసింది. పడవలోని 23 మందీ అస్వస్థులయ్యారు. వారిలో ఒకరు సెప్టెంబరులో మరణించారు. ఆ నవంబరు 3న జపానులో 'గాడ్జిల్లా' విడుదలైంది. దాని మొదటి దృశ్యంలోనే కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగులో ఒక పడవ మునిగిపోతుంది. బొమ్మను అంగుళం అంగుళం కదిపే పద్ధతికి వ్యవధి చాలక, నటునికి రబ్బరు తొడుగు వేసి ఆ మృగాన్ని చూపించారు. అయినా జపాను ప్రేక్షకులకు ఆ తొడుగులో కనిపించింది తమ పట్టణాలను కాల్చిన అగ్నే. అక్కడ బొమ్మ అబద్ధం, భయం నిజం.

పరిహాసానికి పాత్రమైన చిత్రాలలో కూడా ఈ ఆత్మపరిశీలన కొంత కనిపిస్తుంది. 'ద కిల్లర్ ష్రూస్'లోని శాస్త్రవేత్త దుర్మార్గుడు కాడు. మనుషుల పరిమాణాన్ని సగానికి తగ్గిస్తే తిండి కొరత తీరుతుందన్న సదుద్దేశంతో ఒక దీవిలో పరిశోధన చేస్తాడు. ఆ ప్రయోగం వికటించి చుంచులు పెరిగిపోతాయి. 1972 నాటి 'నైట్ ఆఫ్ ద లెపస్'లో హంతకులు కుందేళ్లు. చిన్న చిన్న బొమ్మ ఇళ్ల నడుమ మామూలు కుందేళ్లను గెంతించి తీసిన ఆ చిత్రం నవ్వులపాలైంది. కానీ దాని కథకు ఆధారమైన సమస్య నవ్వదగినది కాదు. తోడేళ్ల జాతికి చెందిన కయోటీలను మనుషులు మట్టుబెట్టడంతో కుందేళ్లు మితిమీరి పెరిగాయని, వాటిని అదుపు చేయబోయిన ప్రయోగం బెడిసికొట్టిందని అందులో చెప్పారు. 1859లో వేట వినోదం కోసం ఆస్ట్రేలియాలో వదిలిన కొద్దిపాటి కుందేళ్లు కోట్లకు పెరిగి ఆ ఖండపు పంటలనూ పచ్చికనూ నాశనం చేసిన చరిత్ర ఎవరూ కల్పించినది కాదు.

1975లో వచ్చిన 'జాస్' ఈ ధోరణిని మలుపు తిప్పింది. అది చౌకగా తీసిన చిత్రం కాదు; కళాత్మకంగా లోపమున్నదీ కాదు. అందులోని యంత్రపు సొరచేప తరచుగా చెడిపోవడంతో దర్శకుడు స్టీవెన్ స్పీల్‌బర్గ్ దానిని చాలావరకు చూపకుండానే భయం పుట్టించాడు. అయితే ఆ కథలో సొరచేపను ఎవరూ మృగంగా మార్చలేదు; అది స్వభావం చేతనే హంతకి. దాని విజయం చూసి ఎలుగుబంటి మొదలైన ప్రాణులను హంతకులుగా చిత్రించే చవక అనుకరణలు వరుసగా వచ్చాయి. వాస్తవానికి సొరచేపల వల్ల ప్రపంచమంతటా ఏటా మరణించేవారు సగటున పదిమందికి లోపే. మనుషుల చేతిలో ఏటా కోట్ల సొరచేపలు చస్తున్నాయి. 1970 నుంచి సముద్రాలలో సొరచేపలు, టేకు చేపల సంఖ్య 71 శాతం తగ్గినట్లు 2021లో ప్రచురితమైన ఒక పరిశోధన తేల్చింది. దీనికి ప్రధాన కారణం మితిమీరిన చేపలవేట. సినిమాను మాత్రమే నిందించడం న్యాయం కాదు. కానీ అంతరించిపోతున్న ప్రాణి మీద జాలి పుట్టకుండా అడ్డుపడిన ముద్ర సినిమా వేసినదే. మూలనవల రాసిన పీటర్ బెంచ్లీ ఇందుకు పశ్చాత్తాపపడి 2006లో మరణించేవరకు సముద్రజీవుల రక్షణకు పాటుపడ్డాడు. స్పీల్‌బర్గ్ కూడా 2022లో తన విచారాన్ని బహిరంగంగా తెలిపాడు.

తెలుగు విద్యార్థులకు ఇక్కడ భాగవతంలోని గజేంద్రమోక్షం స్ఫురించక మానదు. ఏనుగు పాదాన్ని పట్టిన మొసలిని విష్ణుచక్రం ఖండిస్తుంది. అంతటితో కథ ముగియదు. ఆ మొసలి దేవలుని శాపం పొందిన హూహూ అనే గంధర్వుడని, ఆ క్షణాన దానికీ విముక్తి లభించిందని పురాణం చెబుతుంది. హింసించిన ప్రాణికి సైతం ఒక గతాన్ని, ఒక కారణాన్ని ఇవ్వడం పెద్ద మనసున్న కథ లక్షణం. విచిత్రమేమంటే 'జాస్' తరువాత వచ్చిన చిన్న చిత్రాలలో ఒకటి ఈ లక్షణాన్ని నిలుపుకొంది. 1980 నాటి 'అలిగేటర్'లో, ఇంట్లో పెంచుకోవడానికి తెచ్చిన మొసలి పిల్లను మరుగుదొడ్డిలో పడవేస్తారు. ఒక మందుల సంస్థ ప్రయోగాలు చేసి మురుగు కాలువలో విసిరేసిన జంతువుల కళేబరాలు తిని అది మహాకాయమవుతుంది. చివరకు ఆ సంస్థ యజమాని ఇంటి పెళ్లివేడుక మీదనే విరుచుకుపడుతుంది. పెద్ద చిత్రం మరచిన ప్రశ్నను చిన్న చిత్రం అడిగింది.

ఇవి కేవలం కాలక్షేపం కోసం తీసినవని, వీటిలో నీతి వెదకడం చాదస్తమని కొందరంటారు. కాలక్షేపంగా చూసినవే మనసులో ఎక్కువ కాలం నిలుస్తాయని సొరచేప ఉదంతం చెబుతూనే ఉంది. 2013లో వచ్చిన 'షార్క్‌నేడో'లో సుడిగాలి సొరచేపలను ఎత్తి లాస్ ఏంజెలెస్ నగరం మీద కురిపిస్తుంది. పూర్వులు చేతకాక నవ్వు తెప్పిస్తే, వీరు కావాలని నవ్వు తెప్పించారు. తుపానులు ఉద్ధృతమవుతున్న ఈ కాలంలో ఆ సుడిగాలికి కారణమెవరని గట్టిగా నిలదీసే అవకాశం ఆ కథకు ఉండింది. దానిని వేళాకోళంతో చేజార్చుకుంది. బొచ్చు తొడుగుల కుక్కలు నవ్వించినా వెనుక ఒక బెంగను మిగిల్చాయి. ఈ సొరచేపలు నవ్వును మాత్రమే మిగిల్చాయి.

కనుక ఇటువంటి చిత్రాలను చూసే యువతరం వాటిలోని బొమ్మలను చూసి నిస్సంకోచంగా నవ్వవచ్చు. శాస్త్రవిరుద్ధమైన కొలతలను తప్పుపట్టవచ్చు. కానీ తెర మీద మృగం చచ్చి దీపాలు వెలిగిన తరువాత, దానిని ఎవరు పెంచారని ఒక్కసారి తమను తాము ప్రశ్నించుకోవాలి. చీమకు ఏనుగంత దేహాన్ని ప్రకృతి ఇవ్వదు. అణుబాంబును, విషవ్యర్థాలను, వట్టిపోయిన సముద్రాలను లోకానికి ఇచ్చినది మాత్రం మనిషే.