పసుపు మరక కాదది

మరకల గురించి మనం ఈ పేజీలో ఎన్నోసార్లు ముచ్చట పెట్టుకున్నాం. ఈ వారం కూడా మరక సంగతే. కాకపోతే ఇది మా చిన్నబాపు ప్రాణం కాపాడిన మరక.

మా చిన్నమ్మవాళ్ళది మెట్‌పల్లి దగ్గర పల్లెటూరు. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి జగిత్యాల జిల్లా. పసుపు పండిస్తారు. 2018లో పసుపు ఉడకబెట్టే రోజులవి. ఆ రోజుల్లో వాళ్ళింట్లో పసుపు అంటని బట్ట ఉండదు. చిన్నమ్మ ఉతకబోతే చిన్నబాపు బనీనుకు ఎడమపక్క రూపాయి బిళ్ళంత మరక కనిపించింది. "ఇదేంది?" అంటే "పసుపు మరకనే, ఇంకేముంటది?" అన్నాడట.

పసుపు మరక గుణం మనకు తెలియంది కాదు. సబ్బు తగలగానే ఎర్రగా తిరుగుతుంది. ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. ఈ మరక సబ్బుకు రంగు మారలేదు, ఎండకు పోలేదు. మర్నాడు ఇంకో బనీనుకు సరిగ్గా అదే చోట మళ్ళీ కనబడింది. మూడోనాడూ అంతే. చిన్నమ్మ ఊరుకోలేదు. "నలభై ఏండ్ల సంది పసుపు బట్టలు ఉతుకుతున్న. పసుపు మరకంటే ఏందో నాకు చెప్తవా? బనీను తియ్యి" అని పట్టుబట్టింది.

చూస్తే ఏముంది... ఎడమ చనుమొన లోపలికి గుంజుకుపోయి ఉంది. దాని కింద చింతగింజంత గట్టి గడ్డ. ఏడెనిమిది నెలల కిందనే చేతికి తగిలిందట. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాడు. ఊళ్ళో ఒకాయనకు చూపిస్తే కొవ్వు గడ్డ అన్నాడట. పైగా సిగ్గు. "ఆ జాగల గడ్డ అని ఎవలకు చెప్పాలె? నలుగురు నవ్వరా?" అన్నాడు. అరవై ఒక్క ఏండ్ల మనిషి, నవ్వుతారని భయపడి ఎనిమిది నెలలు మోశాడు!

జగిత్యాల డాక్టరు చేయి పెట్టి చూసి వెంటనే హైదరాబాద్ పొమ్మన్నాడు. నేను కూడా వెంట వెళ్ళాను. సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తే రొమ్ము కాన్సర్ అని తేలింది. "ఆడోళ్ళ రోగం నాకెట్ల వస్తది బిడ్డా?" అని చిన్నబాపు నన్నడిగాడు. నేను ఇంటర్ బైపీసీ చదివినదాన్నే, అయినా జవాబు తెలియలేదు. డాక్టరమ్మ విడమరచి చెప్పింది. మగవారికి కూడా చనుమొన వెనక కొద్దిగా రొమ్ము కండ ఉంటుందట. అది ఉన్నచోట రోగం కూడా రావొచ్చు. రొమ్ము కాన్సర్ వచ్చిన నూరుమందిలో దాదాపు ఒకరు మగవారు. అంత తక్కువ కాబట్టే ఎవరికీ అనుమానం రాదు, వైద్యం ఆలస్యమవుతుంది.

ఆసుపత్రి బెంచీల మీద అందరూ ఆడవాళ్ళే. చిన్నబాపు తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని గోడకు నిలబడ్డాడు. పక్కావిడ చిన్నమ్మను "నీకెన్ని రోజులైంది అమ్మా?" అని పలకరించింది. "రోగం నాకు గాదు, మా ఆయనకు" అనగానే తలలన్నీ ఇటు తిరిగాయి. అప్పుడొక పెద్దామె కాస్త జరిగి, "ఇట్ల కూసో తమ్మీ. రోగానికి ఆడ మగ ఉంటదా" అంది. చిన్నబాపు కూర్చున్నాడు. తువ్వాల భుజం మీదికి జారింది.

రొమ్ము, చంకలోని గడ్డలు ఆపరేషన్ చేసి తీశారు. తర్వాత కీమో మందులు ఎక్కించారు. నోరు పూసి కారం ముట్టలేకపోయేవాడు. చిన్నమ్మ తైదంబలి చల్లార్చి మజ్జిగ పోసి ఇచ్చేది. పెసరపప్పు కిచిడి మెత్తగా వండేది. చేయి పైకి లేవడానికి గోడ మీద వేళ్ళతో పాకించమన్నారు. ఎంత ఎత్తుకు పోయిందో చిన్నమ్మ రోజూ బొగ్గుతో గీత గీసేది, పిల్లల ఎత్తు కొలిచినట్లు!

ఆ తర్వాత ఐదేండ్లు టామాక్సిఫెన్ మాత్ర. మగవారి రొమ్ము కాన్సర్లలో ఎక్కువభాగం హార్మోన్‌తో పెరిగే రకమేనట, అందుకని ఆ మాత్ర. అది వేసుకుంటే ఒంట్లో సెగలు పుట్టి చెమటలు పట్టేవి. "ఇప్పుడు తెలిసిందా? ముట్లు ఆగినప్పుడు నేను పడ్డ బాధ ఇదే. అప్పుడు నువ్వు సలి అని ఫ్యాన్ బంద్ చేసెటోనివి" అంది చిన్నమ్మ. చిన్నబాపు ఏం మాట్లాడకుండా లేచి ఫ్యాను ఇంకొంచెం పెంచాడు.

అసలు పరీక్ష వేరే ఉంది. చిన్నబాపు అక్క కూడా పూర్వం రొమ్ములో గడ్డతోనే పోయింది. ఇది ఇంటిపేరుతో వచ్చే రకమేమో చూడాలని డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. బి.ఆర్.సి.ఎ.2 అనే జన్యువులో లోపం బయటపడింది. తండ్రికి ఉంటే ఒక్కొక్క బిడ్డకు, ఆడైనా మగైనా, సగానికి సగం రావొచ్చు. వాళ్ళకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దపిల్లను నిర్మల్‌లో ఇచ్చారు. చిన్నదానికి అప్పుడే సంబంధం కుదురుతోంది. "ఎవలకు చెప్పకుండ్రి, పెండ్లి ఆగిపోతది" అని చుట్టాలందరూ ఒకటే పోరు. రెండు రాత్రులు చిన్నమ్మ నిద్రపోలేదు. మూడోనాడు చిన్నబాపే పిల్లలిద్దర్నీ పిలిపించాడు. "నేను సిగ్గుపడి ఎనిమిది నెలలు పోగొట్టుకున్న. మీరు ఒక్క రోజు గూడ పోగొట్టుకోవద్దు. పెండ్లి ఆగితే ఇంకోటి దొరుకుతది" అన్నాడు.

పిల్లలిద్దరూ పరీక్ష చేయించుకున్నారు. ఒకరికి ఉంది, ఒకరికి లేదు. ఎవరికన్నది నేను రాయను. ఉన్నపిల్ల ఏటేటా స్కానింగ్ చేయించుకుంటోంది. ఆ సంబంధం తప్పిపోయింది నిజమే. ఏడాదిన్నరకు అన్నీ తెలిసిన కుటుంబమే వచ్చి చేసుకుంది.

2019లో అమెరికా గాయని బియాన్సే తండ్రి మాథ్యూ నోల్స్ తనకు రొమ్ము కాన్సర్ వచ్చిందని టీవీలో చెప్పాడు. తెల్ల బనీన్ల మీద చిన్న నెత్తుటి చుక్క, పక్కదుప్పటి మీద భార్య గమనించిన చుక్కలు... ఆయనకూ కథ అక్కడే మొదలైంది. జన్యులోపమూ అదే, బి.ఆర్.సి.ఎ.2. అంత డబ్బున్న ఇంట్లోనూ ఆచూకీ ఇచ్చింది బట్టలే!

కాబట్టి అక్కలూ, ఇంట్లో మగవారికి చనుమొన కింద గడ్డ, మొన లోపలికి పోవడం, రసి లేక నెత్తురు కారడం, మానని పుండు, చంకలో గడ్డ... వీటిలో ఏది కనిపించినా పసుపు పూసి చూద్దామని ఊరుకోకండి. ప్రతి గడ్డా కాన్సర్ కాదు. ఏదన్నది డాక్టరే తేల్చాలి. ఖర్చుకు భయపడకండి. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీలో కాన్సర్ వైద్యం ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సర్ ఆసుపత్రి ఉండనే ఉంది.

2023తో చిన్నబాపు మాత్రలు అయిపోయాయి. 2024 బతుకమ్మకు నేను వెళ్తే ఒట్టి ఒంటితో, ఎడమపక్క పొడుగాటి గీతతో వాకిట్లో గునుగుపూల కట్టలు విప్పుతున్నాడు. "అంగీ తొడుక్కోరాదు, చుట్టాలొస్తరు" అంది చిన్నమ్మ.

"రానియ్యి, చూస్తే ఇంకొకలు బతుకుతరు" అన్నాడు.

బనీన్లు వాషింగ్ మిషన్‌లో వేసేముందు ఒక్కసారి ఎడమా కుడీ చూసి వేయండి. ఏమంటారు? వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.