రిపోర్ట్ నెగిటివే.. మరి జ్వరం ఎందుకు తగ్గట్లే?

మా కర్దనూర్‌లో నైట్ డ్యూటీ దిగొచ్చిన ఒకన్న మొన్న అడిగాడు: ‘‘తమ్మీ, పిలగానికి బ్లడ్ క్యాన్సర్. కీమో నడుస్తుంది. రక్తపరీక్షల ఏం రాలే. అయినా ఊపిరితిత్తులల్ల ఫంగస్ ఉండొచ్చట, సీటీ స్కాన్ అంటున్రు. ఎందుకు?’’

చాలామందికి వచ్చే డౌటే ఇది. జవాబు మన గాలిలోనే ఉంది. పాత రొట్టె మీద బూజు చూశారు కదా? దాని చుట్టాలే ఈ ఆస్పర్‌జిల్లస్ ఫంగస్‌లు. దుమ్ములో, తడి గోడల్లో, కుళ్లిన ఆకుల్లో ఉంటాయి. వాటి బీజాలను మనం రోజూ పీలుస్తూనే ఉంటాం. మన తెల్లకణాలు వాటిని ఊడ్చేస్తాయి.

లుకేమియా ఉన్న పిల్లల్లో ఆ కాపలాయే ఉండదు. కీమోతో న్యూట్రోఫిల్స్ మైక్రోలీటర్‌కు 500 కంటే తగ్గి, రోజుల తరబడి అలాగే ఉంటే ఫంగస్‌కు దారి దొరికినట్టే. ఏఎంఎల్ రకంలో, క్యాన్సర్ తిరగబెట్టినప్పుడు, మూలకణ మార్పిడి తర్వాత ముప్పు ఇంకా ఎక్కువ.

అసలు చిక్కు కనిపెట్టడంలోనే. దగ్గు ఉండకపోవచ్చు, ఎక్స్‌రే బాగానే కనిపించొచ్చు. ఒక్కోసారి జ్వరమే ఏకైక గుర్తు. బ్లడ్ కల్చర్‌లో క్యాండిడా కొన్నిసార్లు దొరుకుతుంది, ఆస్పర్‌జిల్లస్ దాదాపు దొరకదు. దాని గోడలోని చక్కెర పదార్థాన్ని పట్టే గెలాక్టోమానన్ పరీక్ష ఉంది కానీ, అదీ రెండు వైపులా పొరబడుతుంది. 2021లో మనల్ని హడలెత్తించిన బ్లాక్ ఫంగస్‌ను అయితే అసలు పట్టుకోదు.

అందుకే యాంటీబయాటిక్స్ ఇస్తున్నా 96 గంటలు దాటి జ్వరం ఉంటే, ముప్పు ఎక్కువున్న పిల్లలకు డాక్టర్లు ఛాతీ సీటీ తీస్తారు. అందులో గడ్డల్లాంటి మచ్చలు కనిపిస్తే, వీలైతే ఊపిరితిత్తుల్లోంచి ద్రవమో చిన్న ముక్కో తీసి చూస్తారు. ఏ ఫంగసో తెలియాలి మరి! ఆస్పర్‌జిల్లస్‌కు వాడే వోరికొనజోల్ బ్లాక్ ఫంగస్ మీద పనిచేయదు. దానికి ఆంఫోటెరిసిన్ కావాలి.

ఒక్క మాట గట్టిగా చెప్తా. ఆ నాలుగు రోజుల లెక్క ఆసుపత్రిలోది, ఇంట్లో ఆగడానికి కాదు. కీమోలో ఉన్న పిల్లలకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తగిలిందంటే, అర్ధరాత్రైనా సరే వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేసి బయల్దేరండి. ‘డ్యూటీ అయ్యాక చూద్దాం’ వద్దు. డాక్టర్‌ను అడగకుండా పారాసిటమాల్ వేసి జ్వరాన్ని దాచొద్దు.

మన వైపు ఎటు చూసినా కట్టడాలే. ఆ దుమ్ముకు, నెమ్ము గోడలకు పిల్లల్ని దూరంగా ఉంచండి. చేతిలో ఫోన్ ఉంది కదా, జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎంత వచ్చింది, ఏ మందు పడింది అన్నీ టైమ్‌తో సహా నోట్స్‌లో రాయండి. డాక్టర్ మొదట అడిగేది అదే.