నారింజ పండ్ల మీద తీర్పు

మొన్న మండల సభలో ఒక యువరైతు లేచి అడిగాడు: "అమెరికా సామ్రాజ్యవాదం అంటారు గదా, ఇంగ్లీషు దొరల్లాగా వాళ్ళు ఏ దేశాన్ని ఏలారు?" మంచి ప్రశ్న. ఆ రోజు టైము చాలక సరిగా జవాబు చెప్పలేకపోయాం.

1898లో స్పెయిన్ మీద యుద్ధం గెలిచి అమెరికా ఫిలిప్పీన్స్, గువామ్, ప్యూర్టోరికో దీవులను తీసుకుంది. ఫిలిప్పీన్స్ కోసం స్పెయిన్‌కు రెండు కోట్ల డాలర్లు కట్టింది. అక్కడి జనాన్ని అడిగినవాడు లేడు. వాళ్ళు తుపాకులు పట్టి ఎదిరిస్తే మూడేళ్ళకు పైగా యుద్ధం చేసి అణిచారు. అదే ఏడు హవాయినీ కలుపుకున్నారు. అక్కడ అంతకు ఐదేళ్ళ ముందే చెరకు తోటల దొరలు రాణిని గద్దె దించి ఉన్నారు. ఇవన్నీ పెద్ద కథలు. రైతు సంగతి తెలియాలంటే ప్యూర్టోరికో ఒక్కటి చూసినా చాలు.

ఆ దీవిలో కొండల మీద కాఫీ, తీరాన చెరకు. స్పెయిన్ పాలన చివరి రోజుల్లో కాఫీయే పెద్ద పంట. చిన్న కమతాల వాళ్ళు కూడా దాని మీద బతికేవారు. జెండా మారేసరికి స్పెయిన్‌కు వాళ్ళు పరాయివాళ్ళయ్యారు, అక్కడ సుంకం పడింది. పోనీ అమెరికాలో అమ్ముకుందామంటే, అక్కడ ఏ దేశపు కాఫీకీ సుంకమే లేదు, బ్రెజిల్ కాఫీ చవగ్గా దిగుతున్నది. దీనికితోడు 1899 ఆగస్టులో పెనుతుఫాను వచ్చి తోటలను పెరికేసింది. కాఫీ చెట్టు మళ్ళీ కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. అప్పిచ్చినవాడు అంతదాకా ఆగుతాడా?

చెరకు లెక్క వేరు. అమెరికాలోకి వచ్చే విదేశీ చక్కెర మీద సుంకం ఉండేది, 1901 నుంచి ప్యూర్టోరికో చక్కెరకు మాత్రం తీసేశారు. ఇంకేం, అమెరికా పెట్టుబడి తీరం మీద వాలింది. సైన్యం దిగిన గ్వానికా రేవులోనే కొన్నేళ్ళకు దీవిలోకెల్లా పెద్ద చక్కెర మిల్లు లేచింది. కొండ రైతులెందరో భూమి పోగొట్టుకొని చెరకు కోతకు కూలీలుగా దిగొచ్చారు.

అడ్డుకునే చట్టం లేదా? ఉంది. ఏ కంపెనీకీ 500 ఎకరాలకు మించి ఉండగూడదని 1900లో అమెరికా కాంగ్రెసే తీర్మానించింది. మీరితే శిక్ష ఏమిటో మాత్రం రాయలేదు. కంపెనీలు వేల ఎకరాలు పోగేసుకున్నాయి. దాన్ని గట్టిగా అమలు చేసే భూచట్టం 1941లో గానీ రాలేదు. సీలింగు చట్టాల గతి చూసిన మనకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

పాలన సంగతి అంతకంటే విచిత్రం. 1900 నాటి చట్టం ప్రకారం గవర్నరునూ, పై సభనూ అమెరికా అధ్యక్షుడే నియమించేవాడు. జనం ఎన్నుకునేది కింది సభలోని 35 మందిని. గవర్నరును సొంతంగా ఎన్నుకునే హక్కు 1947లో వచ్చింది.

ఇక నారింజ పండ్లు. 1900లో ఒక వ్యాపారి ప్యూర్టోరికో నుంచి న్యూయార్కుకు నారింజ పండ్లు దింపాడు. 659 డాలర్ల సుంకం వసూలు చేశారు. దీవి అమెరికాదే అయినప్పుడు, దేశంలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయే సరుకు మీద సుంకమేమిటని ఆయన కోర్టుకెక్కాడు. 1901 మేలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల్లో ఐదుగురు తేల్చిందేమంటే: దీవి అమెరికాకు చెందుతుంది, కానీ అమెరికాలో భాగం కాదు. అంటే రాజ్యాంగం మొత్తంగా అక్కడి వాళ్ళకు వర్తించదు. పొలం నీదే గాని గట్టు దాటి అడుగు పెట్టకు అన్నట్టుంది.

ఆ తీర్పును ఇప్పటికీ కొట్టెయ్యలేదు. 1917లో పౌరసత్వం ఇచ్చారు, కానీ దీవిలో ఉన్నంతకాలం అధ్యక్ష ఎన్నికలో ఓటు లేదు. దీవి అప్పుల్లో మునిగితే 2016లో చట్టం చేసి ఏడుగురు సభ్యుల బోర్డును నెత్తిన పెట్టారు. వాళ్ళను నియమించేది అమెరికా అధ్యక్షుడు. ఇవాళ అక్కడ తినే తిండిలో నూటికి 80 పాళ్ళు బయటి నుంచే వస్తుంది. అమెరికా రేవుల్లో ఎక్కించిన సరుకైతే అమెరికా ఓడల్లోనే రావాలి, 1920 నాటి చట్టం అది. ఒకప్పుడు కాఫీని యూరపుకు ఎగుమతి చేసిన దీవి.