సలహాలు ఆరు, చేతులు రెండు

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రిటైరైన తర్వాత మన సంఘం ఆదివారం క్లాసులో కూర్చుని నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మద్రాసులో ఐప్పసి వాన మొదలైనప్పటినుంచి మార్గళి మంచు పోయేదాకా పసిపిల్లలున్న ఇంట్లో జ్వరం ఒక చుట్టం మాదిరి వచ్చి పోతుంటుంది. పెద్దవాడికి తగ్గిందంటే చిన్నదానికి మొదలు. పోయిన కార్తీకంలో మా పెరంబూరు ఇంటికి అట్లాగే వచ్చింది. మనవడికి అయిదేళ్ళు, మనవరాలికి రెండున్నర.

ఆ రోజు తెల్లవారి నాలుగింటికి మనవడి ఒళ్ళు కాలిపోతా ఉంది. కోడలు లేచి థర్మామీటరు పెడితే 102. బిడ్డ బరువు చూసి డాక్టరు రాసిచ్చిన పారాసిటమాల్ కొలిచి పోసింది. ఆరున్నరకు మా అబ్బాయి శ్రీపెరంబుదూరు కంపెనీ బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఏడింటికి చిన్నది తాగిన పాలన్నీ పక్కమీద కక్కింది. దుప్పటి మార్చి, బిడ్డకు ఒళ్ళు తుడిచి, గంజి కాచి, స్కూలుకు ఫోను చేసేసరికి తొమ్మిదైంది. తొమ్మిదింటికి ఆ అమ్మాయి ఆఫీసు కంప్యూటరు తెరవాలి. ఇంట్లోనుంచి పని కాబట్టి లీవు లేదు. పదింటి మీటింగులో చంకలో చిన్నది ఏడుస్తుంటే, ఒక చేత్తో దాని వీపు తడుముతూ మాట్లాడింది.

అప్పటిదాకా మేమేం చేశాము? సలహాలిచ్చాము. నేలవేము కషాయం పట్టమన్నాము. కర్పూరవల్లి ఆకు రసం పిండమన్నాము. ఫ్యాను ఆపమన్నాము. మెడికల్ షాపులో దగ్గు మందు అడగమన్నాము. గట్టి యాంటీబయాటిక్ ఒకటి వేస్తే సాయంత్రానికి లేచి ఆడతాడన్నాము. నలుగురు పిల్లల్ని పెంచిన మా అమ్మ కథ కూడా చెప్పాము.

అమ్మాయి అరవలేదు. "మామా, పొద్దుటినుంచి ఆరు సలహాలు వచ్చినాయి. నాకు చేతులు రెండే ఉండాయి" అంది.

కోపం రావలసిన చోట సిగ్గు వచ్చింది. కారణం చెబుతాము.

రైల్వేలో మేము చాలాకాలం లీవు సెక్షన్లో పని చేశాము. ముగ్గురు గుమాస్తాలం, మా టేబుళ్ళ మీదినుంచి వేల లీవు కాగితాలు పోయినాయి. తిరుపతి మొక్కు, ఊళ్ళో పెళ్ళి, నడుం నొప్పి, ఇల్లు మారడం అని మగవాళ్ళు రాసేవాళ్ళు. "బిడ్డకు జ్వరం, ఇంట్లో ఉండాలి" అని ఒక మగవాడు రాసిన కాగితం మాకు గుర్తు లేదు. మేమూ రాయలేదు. మా అబ్బాయికి అమ్మవారు పోసిన పది రోజులూ టిఫిన్ క్యారియరు పట్టుకుని ఆఫీసుకు పోయినవాళ్ళమే. బిడ్డ పక్కన కూర్చున్నది మా ఇంటావిడ ఒక్కతే. అప్పుడు లీవు లేక కాదు. రిటైరైన రోజు మా లెక్కలో మిగిలిన లీవుకు డబ్బు చేతికి తీసుకున్నాము కదా!

రూల్సు కూడా అట్లాగే నడిచినాయి. ఆరవ పే కమిషన్ తర్వాత 2008లో కేంద్ర ప్రభుత్వంలో పనిచేసే ఆడవాళ్ళకు చైల్డ్ కేర్ లీవు వచ్చింది. ఇద్దరు పిల్లల కోసం, పద్దెనిమిదేళ్ళు నిండేదాకా, సర్వీసు మొత్తంలో 730 రోజులు. మంచి రూలు, ఎందరో తల్లులు బతికిపోయారు. 2018లో ఒంటరిగా బిడ్డను పెంచే మగ ఉద్యోగికీ ఇచ్చారు. భార్య ఉన్న తండ్రికి మాత్రం లేదు. తల్లి ఉంటే తండ్రి అవసరం లేదని రూలు రాసినవాళ్ళూ అనుకున్నారు, మేమూ అనుకున్నాము. మా కోడలి మాదిరి ప్రైవేటు ఉద్యోగాలవాళ్ళకు ఆ 730 రోజులూ లేవు.

మన పెద్దవాళ్ళు ఒక మాట అంటారు: "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా? మా అమ్మ ఏడుగురిని సాకలేదా?" సాకింది. కానీ ఆమె ఇంట్లో అవ్వ ఉండేది, పిన్నమ్మలు ఉండేవాళ్ళు, పక్కింటి అత్తలు ఉండేవాళ్ళు. ఇప్పుడు ఫ్లాటు తలుపు మూస్తే బిడ్డలతో ఉండేది ఒక్క తల్లి. ఆ ఇంట్లో మనముండీ కుర్చీలో కూర్చుంటే లేనట్టే.

పైగా మన సలహాలన్నీ మంచివని అనుకోవద్దు. వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ పని చెయ్యదు. 2025లో కలుషితమైన దగ్గు మందు తాగి మధ్యప్రదేశ్‌లో పసిపిల్లలు చనిపోయారు. ఆ మందు తయారైంది మన పక్కనుండే కాంచీపురం జిల్లాలోనే. రెండేళ్ళలోపు బిడ్డలకు దగ్గు, జలుబు మందులు రాయకూడదని, అయిదేళ్ళలోపు వాళ్ళకు మామూలుగా వద్దని ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకూడదు. డెంగీలో జ్వరం దిగిన తర్వాతి రెండు రోజులే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. కడుపు నొప్పి, ఆగని వాంతులు, ఎక్కడైనా రక్తం, మగతగా పడి ఉండడం కనిపిస్తే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఊపిరి వేగంగా తీస్తున్నా, ఏమీ తాగకపోయినా, ఫిట్సు వచ్చినా అంతే. కషాయం కాచుకుంటూ కూర్చోకూడదు.

ఆ మధ్యాహ్నం మేము చేసింది మాకు తెలిసిన పనే. రైల్వేలో ఏ స్టేషన్ మాస్టరూ ఇరవైనాలుగు గంటలు డ్యూటీ చెయ్యడు. రిలీవరు వస్తాడు, ఛార్జి అప్పగిస్తాడు, పుస్తకంలో సంతకం పెడతాడు. ఇంట్లోనూ ఒక నోటుబుక్కు పెట్టాము. టైము, జ్వరం ఎంత, ఏ మందు ఎంత పోశారు, ఎంత తాగాడు, ఎన్నిసార్లు ఒంటికి పోశాడు, అన్నీ రాయాలి. పదినుంచి ఒంటిగంట వరకు పిల్లలు మా ఛార్జి. మా ఇంటావిడకు మోకాళ్ళ నొప్పి, కాబట్టి ఆమె ఒళ్ళో పడుకోబెట్టుకుంటుంది, లేచి తిరిగే పని మాది. అన్నం తర్వాత కోడలు గంటసేపు తలుపేసుకుని నిద్రపోతుంది. రాత్రి పదినుంచి రెండుదాకా అబ్బాయి. వాడు మొదట "పొద్దున బస్సుంది కదా" అని గొణిగాడు. "ఆమెకూ తొమ్మిదింటికి ఆఫీసుంది కదా" అంటే మాట్లాడలేదు.

మరునాడే ఆ పుస్తకం విలువ తెలిసింది. బిడ్డ ఒళ్ళు వెచ్చగా ఉందని మందు సీసా తీశాము. పుస్తకం చూస్తే మా ఇంటావిడ గంటన్నర ముందే పోసి రాసింది. రెండో డోసుకు కనీసం నాలుగు గంటలు ఆగాలి. సీసా మూత పెట్టేశాము.

ఇంకొకటి. మా మనవడు రోజంతా తమిళం, ఇంగ్లీషు మాట్లాడే బిడ్డ. మనం తెలుగులో అడిగినా తమిళంలో జవాబిస్తాడు. ఆ మూడు రోజులు టీవీ చూడలేక, ఆడలేక, అవ్వ ఒళ్ళో తల పెట్టుకుని "తాతా, కత చెప్పు" అని వాడే అడిగాడు. మా చిన్నప్పటి రైలు కతలు చెప్పాము. అంతసేపు తెలుగు వాడు ఎప్పుడూ వినలేదు.

సంఘం వాళ్ళకు మా విన్నపం ఇది. జ్వరమున్న ఇంటికి గుంపుగా పరామర్శకు పోవద్దు, మనకూ అంటుకుంటుంది, మనమే ఇంకో ఇంటికి మోస్తాము. ఒక క్యారియరు చారన్నం తలుపు దగ్గర పెట్టి రావచ్చు. బాగున్న బిడ్డను స్కూలుకు దించి రావచ్చు. మందులు తెచ్చివ్వచ్చు. వచ్చే కూటంలో ఏ వీధిలో ఎవరు ఈ పనికి వస్తారో ఒక పట్టిక రాద్దాం. రిటైరైన మగవాళ్ళ పేర్లు ముందు రాద్దాం. పెరంబూరుకు మా పేరు ఇప్పుడే రాసుకోండి.