ఐదో టోపీ లెక్క

మా ఆఫీస్‌లో రోజూ ఉదయం జరిగే స్టాండప్ మీటింగ్ పేరుకి పదిహేను నిమిషాలు. జరిగేది నలభై ఐదు. కెమెరా ఆఫ్ చేసి, ఆ టైమ్‌లో నేను ఊలు టోపీలు అల్లుతుంటాను. ఈ మాట ఎవరికి చెప్పినా మూడు ప్రశ్నలు గ్యారంటీ. "ఊలుతోనా? హైదరాబాద్‌లోనా? మగాడివై ఉండి నువ్వా?" మూడింటికీ ఒకటే జవాబు. అవును.

పోయిన నవంబర్‌లో ప్రాజెక్టు అయిపోయి నన్ను బెంచ్ మీద కూర్చోబెట్టారు. బెంచ్ అంటే తెలుసుగా, జీతం వస్తుంది, నిద్ర రాదు. రాత్రి రెండింటిదాకా రీల్స్ తిప్పుతూనే ఉండేవాణ్ని. చేతులకి ఏదో ఒక పని పెడితే తప్ప ఫోన్ వదలనని అర్థమైంది. అప్పుడు టామ్ డేలీ గుర్తొచ్చాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో డైవింగ్‌లో స్వర్ణం గెలిచి, తర్వాత గ్యాలరీలో కూర్చుని తాపీగా ఊలు అల్లుతూ కెమెరాలకి చిక్కిన బ్రిటన్ కుర్రాడు. మెడల్‌కి గీతలు పడకుండా తనే ఓ చిన్న సంచి అల్లుకున్నాడు. ఒకవైపు బ్రిటన్ జెండా, ఇంకోవైపు జపాన్ జెండా. ఒలింపిక్ ఛాంపియన్‌కి లేని సిగ్గు నాకెందుకు?

నాకు నేనే ఒక ఛాలెంజ్ పెట్టుకున్నా. డిసెంబర్ నుంచి మే దాకా నెలకో టోపీ, మొత్తం ఆరు. స్వెట్టర్ అయితే నెలలు పడుతుంది, సగంలో వదిలేస్తాం. టోపీకి ఒకటి రెండు ఉండలు చాలు, నాలుగైదు సాయంత్రాల్లో అయిపోతుంది. కొత్తవాళ్లకి అంతకంటే మంచి చిన్న ప్రాజెక్టు లేదు.

మొదటి బగ్

ఆన్‌లైన్‌లో ఒక అమెరికన్ ప్యాటర్న్ దొరికింది. అందులో "సైజ్ 8 సూదులు" అని ఉంది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి వెళ్లి ఎనిమిదో నెంబర్ సూదులు అడిగా, ఇచ్చారు. వారం తర్వాత నా తలకని అల్లిన టోపీ నా తలమీద గిన్నెలా నిలబడింది. చివరికి అది మా టీమ్ లీడ్ నాలుగేళ్ల కూతురికి సరిపోయింది.

తర్వాత తెలిసింది. మన దగ్గర సూదులకి పాత బ్రిటిష్ నెంబర్లు నడుస్తాయి. నెంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికాలో రివర్స్, నెంబర్ పెరిగితే లావు. అమెరికా ఎనిమిది అంటే 5 మిల్లీమీటర్లు, మన ఎనిమిది అంటే 4. 1999లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ పోయింది కూడా ఇలాంటి తేడావల్లే. ఒక టీమ్ పౌండ్లలో లెక్కేసింది, ఇంకో టీమ్ న్యూటన్లు అనుకుంది. వాళ్లకి ఉపగ్రహం పోయింది, నాకు టోపీ పోయింది. అప్పట్నుంచి నెంబర్ చూడను, మిల్లీమీటర్లే చూస్తాను.

96 ఎందుకంటే

అల్లికలో ఉన్నవి రెండే కుట్లు. నిట్, పర్ల్. షాపులో ఆంటీ వాటిని సీదా, ఉల్టా అంటుంది. ముందునుంచి సీదాగా కనిపించేదే వెనకనుంచి చూస్తే ఉల్టా. సున్నా, ఒకటితో బతికే మనలాంటివాళ్లకి ఇంతకంటే దగ్గరి హాబీ ఏముంటుంది?

మామూలు లావు ఊలుతో, 5 మిల్లీమీటర్ల సూదితో అల్లితే అంగుళానికి దాదాపు 5 కుట్లు వస్తాయి. తల చుట్టుకొలత 21 అంగుళాలనుకోండి. టోపీ సాగి తలని పట్టుకోవాలి కాబట్టి ఒకటి రెండు అంగుళాలు తక్కువే అల్లాలి. అంటే 19 చిల్లర. దాన్ని ఐదుతో గుణిస్తే 96 దగ్గరికి వస్తుంది. 95 కాకుండా 96 ఎందుకు? కింద పట్టీకి రెండు సీదా, రెండు ఉల్టా అల్లుతాం కాబట్టి నాలుగుతో భాగం పోవాలి. పైన గుండ్రంగా మూయడానికి ఎనిమిది భాగాలు చేస్తాం కాబట్టి ఎనిమిదితోనూ పోవాలి. ఒక్కో భాగంలో రెండు కుట్లు కలిపి ఒకటి చేస్తే, ఆ చుట్టులో ఎనిమిది తగ్గుతాయి. 96, 88, 80 అలా పదకొండుసార్లు తగ్గిస్తే చివరికి ఎనిమిది మిగులుతాయి. వాటిలోంచి దారం దూర్చి బిగించి లాగితే టోపీ రెడీ.

అందుకే అసలు పని మొదలెట్టేముందు 4 అంగుళాల చదరం ముక్క అల్లి, అంగుళానికి ఎన్ని కుట్లు వస్తున్నాయో కొలవాలంటారు. మనం టెస్టింగ్ ఎగ్గొట్టినట్టే కొత్తవాళ్లంతా ఇదీ ఎగ్గొడతారు. అంగుళానికి అర కుట్టు తేడా వస్తే టోపీ దగ్గరికి వచ్చేసరికి రెండంగుళాలు తేడా.

తప్పు జరిగితే ఊడదీయడమే. దీన్ని ఇంగ్లీషు అల్లికలవాళ్లు "కప్ప పని" అంటారు. ఊడదీస్తూ "రిపిట్, రిపిట్" అంటుంటే వాళ్ల కప్ప అరుపులా ఉంటుందట. అందుకని అనుభవం ఉన్నవాళ్లు మధ్యమధ్యలో ఒక వరస కుట్లన్నిట్లోంచి వేరే రంగు దారం దూర్చి పెడతారు. దాని పేరు లైఫ్‌లైన్. పైన ఎంత చెడినా అక్కడిదాకా ఊడదీసి మళ్లీ మొదలెట్టొచ్చు. మన భాషలో చెప్పాలంటే కమిట్ చేసి పెట్టుకోవడం.

జనవరి టోపీ నాన్న మార్నింగ్ వాక్‌కి. మంకీ క్యాప్ కావాలన్నాడు, అల్లిచ్చా. ఫిబ్రవరిది రూమ్మేట్‌కి, మార్చిది మిగిలిన ముక్కలతో చారల టోపీ. నాలుగు అయ్యాయి.

ఐదోది

ఈలోపు ఫిబ్రవరి చివర్లో అమ్మకి రొమ్ములో గడ్డ కనిపించింది. రిపోర్ట్ వచ్చింది. మార్చిలో కీమో మొదలైంది. మూడో వారంలో దువ్వెనకి జుట్టు గుత్తులుగా రావడం మొదలైతే, నాన్నే మిషన్‌తో మొత్తం తీసేశాడట. ఆ రోజునుంచి అమ్మ వీడియో కాల్ ఎత్తడం మానేసింది. మామూలు కాలే. "నెట్‌వర్క్ బాలేదురా" అనేది. పాలకొల్లులో మా ఇంట్లో నెట్‌వర్క్ ఎలా ఉంటుందో నాకు తెలియదా?

ఐదో టోపీ అమ్మకే అనుకున్నా. ఏప్రిల్‌లో పాలకొల్లు ఎండకి ఊలు ఏం పెట్టుకుంటుంది? పైగా జుట్టు లేని తలకి ఊలు గుచ్చుకుంటుంది. మెత్తటి కాటన్ దారం కొన్నా. 96 కుట్లు వేసి నాలుగు రోజుల్లో అల్లేసి, శనివారం బస్సెక్కా.

అమ్మ పెట్టుకుంది. టోపీ కనుబొమ్మలు దాటి ముక్కుమీదికి జారింది. "ఒరేయ్, ఇది టోపీయా, బూరెల మూకుడా?" అంది. ఇద్దరం నవ్వాం. తర్వాత తీసి మంచంమీద పెట్టి, కొంగు తలమీదికి లాక్కుంది. "నాకెందుకురా ఇవన్నీ, కొంగుందిగా."

నేను చేసిన తప్పు చాలా చిన్నది. చదరం ముక్క అల్లలేదు. కాటన్ నా చేతిలో అంగుళానికి నాలుగున్నర కుట్లే వస్తోంది. 96 కుట్లంటే 21 అంగుళాల పైనే. ఊలులా కాటన్ సాగి మళ్లీ దగ్గరికి రాదు, సాగిందంటే అంతే. పైగా జుట్టు పోయాక తల కొలత తగ్గుతుందని నాకు తట్టలేదు. కొత్తగా టేపు పెట్టి కొలవాలంటే అమ్మ కొంగు తియ్యాలి. అడగడానికి నాకు పదినిమిషాలు పట్టింది. తియ్యడానికి అమ్మకి ఇంకో పది. ఇరవైన్నర అంగుళాలు.

మొత్తం ఊడదీసి, అక్కడే వరండాలో కూర్చుని 88తో మళ్లీ మొదలెట్టా. అమ్మ చూస్తూ కూర్చుంది. కాసేపాగి, "అంచు బోసిగా ఉందిరా" అంది.

మా అమ్మ నర్సాపురం పక్క పల్లెలో పుట్టింది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడ ఇంటింటికీ పాకింది. 2024లో దానికి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. పెళ్లికి ముందు అమ్మ, అమ్మమ్మ ఏజెంట్ ఇచ్చిన దారంతో పువ్వులల్లి లెక్కన అమ్మేవాళ్లు. పువ్వుకింత అని పైసల్లో కూలి. కళ్లు లాగేవట. పెళ్లయ్యాక అమ్మ మళ్లీ ఆ కొక్కెం సూది ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

టోపీ పూర్తయ్యాక అడిగింది. "ఎన్ని కుట్లు?"

"ఎనభై ఎనిమిది."

"నాలుగింటికో గవ్వ. ఇరవై రెండు వస్తాయి." ఫోన్ తియ్యలేదు, వేళ్లు లెక్కపెట్టలేదు. లోపలికెళ్లి పాత బిస్కెట్ డబ్బాలోంచి కొక్కెం తెచ్చుకుంది.

కీమోవల్ల వేళ్లకి తిమ్మిర్లు. రోజుకి మూడు గవ్వలకంటే అయ్యేవి కావు. నేను హైదరాబాద్ వచ్చేశా. ఎనిమిదో రోజు సాయంత్రం వీడియో కాల్ వచ్చింది. అమ్మే చేసింది. తలమీద టోపీ, నుదుటి చుట్టూ తెల్లటి గవ్వల అంచు. "అప్పట్లో కూలికి అల్లేవాళ్లం. ఇది నాకోసం అల్లుకున్నా" అంది. తర్వాత నాన్న ఉప్పులేని పప్పు వండిన సంగతి పావుగంట చెప్పింది.

ఇంకా రెండు సైకిల్స్ ఉన్నాయి. తర్వాత ఆపరేషన్. మే అయిపోయింది, నా ఆరో టోపీ సూదుల మీదే ఉంది, అంటే ఛాలెంజ్ ఓడిపోయినట్టే. అది అమ్మ పెట్టిన ఆర్డర్. కీమో వార్డులో పక్క కుర్చీలో కూర్చునే డిగ్రీ అమ్మాయికి. "దాని తల చిన్నది, 80 వెయ్యి. అంచు నాకొదిలెయ్" అంది.

మీలో ఎవరికైనా మొదలెట్టాలని ఉంటే, 5 మిల్లీమీటర్ల, 16 అంగుళాల రౌండ్ సూది ఒకటి, పైన మూసేటప్పుడు వాడే పొట్టి సూదులు నాలుగైదు, 100 గ్రాముల ఊలు చాలు. ముందు నాలుగంగుళాల ముక్క అల్లండి. ఎవరికోసమైతే వాళ్ల తల టేపుతో కొలవండి, అడగడానికి ఇబ్బందిగా ఉన్నా సరే.